పద్దెనిమిదిన్నర

గుంటూరు హాస్టలు,
10 జూలై 1938

చిన్నాయనకు జ్ఞానమ్మ వందనాలు.

క్షేమంగా చేరాను. బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. అమ్మ కట్టిచ్చిన సజ్జరొట్టెలు దొనకొండ దాటగానే అయిపోయాయి. అన్నీ నేనే తిన్నానని అమ్మ మురిసిపోతుందేమో, నిజం చెప్పు. సగం ఎదురుగా కూర్చున్న ముసలామె అడిగి మరీ తీసుకుంది.

ట్రంకుపెట్టె అడుగున చీరల కింద నువ్వు దాచిన పలక ఇక్కడికొచ్చాక బయటపడింది. కాలేజీ పిల్లకు పలకేమిటని తోటివాళ్లు నవ్వారు. వాళ్లు లెక్కలకు కాగితాలు చింపుతుంటే నేను పలక మీద చేసి తుడిచేస్తున్నాను. నవ్విన పిల్లలే ఇప్పుడు వచ్చి కాసేపు ఇవ్వమంటున్నారు. తడిగుడ్డతో తుడిచినప్పుడు దాన్నుంచి మన పలకల షెడ్డు వాసన వస్తుంది. మొదటి వారం ఆ వాసన కోసమే ఊరికే తుడిచేదాన్ని. ఏడ్చానని మాత్రం అమ్మకు చెప్పకు.

ఇక్కడ చదువు బాగానే ఉంది గాని కెమిస్ట్రీ కొరుకుడు పడటం లేదు. లెక్చరరు ప్రభాకరరావుగారు గబగబా చెప్పుకుపోతారు. పుస్తకం ఆయన దగ్గర ఒక్కటే ఉంది. నువ్వు ఇంటర్ చదివినప్పుడు రాసుకున్న నోటుబుక్కు, దూలం మీద పంచెగుడ్డలో చుట్టి పెట్టావే, అది పంపుతావా? సైన్సులో మంచి మార్కులొస్తేనే మెడికల్ స్కూలుకు పంపుతానని మిషను దొరసానమ్మ అన్న మాట నీకు గుర్తుంది కదా. మన పాలెం నుంచి డాక్టరమ్మ అంటే మాటలా!

మా నాయన పోయినప్పుడు నువ్వు చదువు మధ్యలో వదిలి మాకోసం పరుగెత్తుకొచ్చావని అమ్మ చెప్పని రోజు లేదు. నువ్వు వదిలిన చోటి నుంచే నేను అందుకుంటున్నాను అనుకుంటే ధైర్యంగా ఉంటుంది.

నీ అన్న కూతురు,
జ్ఞానమ్మ

*

మార్కాపురం,
19 జూలై 1938

అమ్మా జ్ఞానమ్మా, నీకు దీవెనలు.

నీ ఉత్తరం వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. ముసలామె సంగతి విని, “సగం పంచినా కడుపు నిండినట్టే, ఈసారి ఎక్కువ కట్టిస్తా” అంది. ఏడ్చిన సంగతి దాటేసి చదివాను. ఆమె నా మొహం చూసి, “యాడో ఒక మాట మింగినావు” అంది. మీ అమ్మకు అక్షరం రాదు గాని ఉత్తరం చదివేవాడి మొహం చదవడం వచ్చు.

నోటుబుక్కు ఈ పార్సిలులోనే ఉంది. ఎలుకలు ఒక మూల రుచి చూశాయి. మిగతాది చదువుకో. అణువు లెక్క అంటే భయపడొద్దు, నీకు చిన్నప్పటి నుంచీ వచ్చిన తీసివేతే అది. ప్రతి అణువుకూ రెండు అంకెలుంటాయి. ఒకటి వరుసలో దాని స్థానం, రెండోది దాని బరువు. సోడియం వరుసలో పదకొండోది, బరువు ఇరవైమూడు. ఇరవైమూడులోంచి పదకొండు తీసెయ్. పన్నెండు మిగులుతుంది. అంటే నడిమధ్యన ఇరవైమూడు ప్రోటాన్లు, వాటితోపాటు ఇరుక్కుని పన్నెండు ఎలక్ట్రాన్లు, బయట తిరిగేవి పదకొండు ఎలక్ట్రాన్లు. మేము నేర్చుకున్నది ఇదే.

నీకు ఏడేళ్లప్పుడు షెడ్డులో తీసేసిన పలకల కుప్ప మీద కూర్చుని నాకు లెక్క అప్పజెప్పేదానివి, గుర్తుందా? రైల్వేవాళ్లకు బరువు రాసివ్వాలని నేను ఒక్కో కుప్పలోంచి నాలుగేసి పలకలు తూచి సరాసరి కట్టేవాణ్ణి. ఒకరోజు నాలుగింటికి కలిపి నూటముప్పై తులాలు వచ్చింది. పలకకు ముప్పైరెండున్నర అని రాశాను. నువ్వు కుప్పంతా తిరగేసి, “చిన్నాయనా, ముప్పైరెండున్నర పలక యాడుంది? నాకు చూపీ!” అని పట్టుబట్టావు. ఎక్కడుంటుంది తల్లీ! మూడు పల్చటివి, ఒక్కోటి ముప్పై. ఒకటి మందం, నలభై. ముప్పైరెండున్నర తులాల పలక ఈ భూమ్మీద లేదని చెబితే, లేని పలకను ఎట్లా రాస్తావని నా మీద అలిగావు. యజమాని చెన్నకేశవులుగారు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుతారు. “మీ పాప ఉంటే నీ గుమాస్తా కొలువు పోతాది సత్యానందం” అంటారు.

ఆ పిల్లే ఇప్పుడు అణువుల బరువు చూస్తోంది. మా అన్న ఉంటే గనిలో అందర్నీ ఆపి చెప్పేవాడు.

ఇక్కడ వాన లేదు. కొర్ర ఎండిపోయేట్టుంది. ఆరోగ్యం జాగ్రత్త.

నీ చిన్నాయన,
సత్యానందం

*

గుంటూరు హాస్టలు,
28 ఆగస్టు 1938

చిన్నాయనకు వందనాలు.

ఆలస్యంగా రాస్తున్నాను, కోప్పడకు. రాయబుద్ధి కాలేదు.

పోయిన వారం పరీక్ష పెట్టారు. సోడియంలో నడిమధ్య ఏముంటాయో లెక్కగట్టమన్నారు. నీ నోటుబుక్కులో ఉన్నట్టే ఇరవైమూడు ప్రోటాన్లు, పన్నెండు ఎలక్ట్రాన్లు అని రాశాను. పదికి సున్నా. ప్రభాకరరావుగారు నా కాగితం చేత్తో పట్టుకుని, “నడిమధ్యన ఎలక్ట్రాన్లున్నాయని ఎవరు చెప్పారు? ఇది ఎప్పటి మాట?” అన్నారు. మా బంధువుల నోటుబుక్కులో ఉందన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆరేళ్ల కిందట కొత్త సంగతి తేలిందట. నడిమధ్య ఉండేవి ప్రోటాన్లు పదకొండే. మిగతా బరువు న్యూట్రాన్లది. న్యూట్రానుకు ప్రోటానంత బరువుంటుంది గాని ఎవరితోనూ పేచీ లేదు, ఎవర్నీ లాగదు, ఎవర్నీ తొయ్యదు. అందుకే అది ఉందని అన్నాళ్లూ ఎవరికీ తెలియలేదట. బరువు మోస్తూ నోరెత్తని దాన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పు!

ఇంకో సంగతి. నీ నోటుబుక్కులో క్లోరిన్ పేజీ ఉంది చూడు, దాని మీద కలం ఎంత గట్టిగా కొట్టేసిందంటే కాగితం చిరిగిపోయింది. కింద ఏదో అంకె, పక్కన ప్రశ్నగుర్తు కనిపిస్తున్నాయి. ఏమిటది? అంత కోపం ఎవరి మీద?

సున్నా సంగతి అమ్మకు చెప్పొద్దు.

నీ
జ్ఞానమ్మ

*

మార్కాపురం,
6 సెప్టెంబరు 1938

చి. జ్ఞానమ్మకు దీవెనలు.

ఉత్తరం అందింది. నా నోటుబుక్కు వల్ల నీకు క్లాసులో నగుబాటు అయినందుకు బాధగా ఉంది. పాతచింతకాయ పచ్చడి పంపాను. దాన్ని ఇక చూడొద్దు. వంటింట్లో పొయ్యి రాజేయడానికి ఇచ్చెయ్.

ఇకమీదట కెమిస్ట్రీ సంగతులు నన్ను అడక్కు. మీ లెక్చరరుగారు చెప్పిందే చదువు.

పని ఎక్కువగా ఉంది. వదిన బాగుంది.

సత్యానందం

*

గుంటూరు హాస్టలు,
16 అక్టోబరు 1938

చిన్నాయనకు వందనాలు.

నీ ఉత్తరం తొమ్మిది వాక్యాలు. పదకొండేళ్లలో నువ్వు నాతో అంత తక్కువ మాట్లాడిన రోజు లేదు. నెలరోజులు ఆలోచించి నాకు తోచింది రాస్తున్నాను.

నువ్వు అలిసిపోయావు. ముప్పైమూడేళ్లకే నీ జుట్టు తెల్లబడింది. పెళ్లి మాటెత్తితే, “పిల్ల చదువు కానీ” అంటావు. నీ చదువు నువ్వే పూర్తిచేసి ఉంటే నీ నోటుబుక్కు పాతబడేది కాదు, నువ్వే ప్రభాకరరావుగారి చోట నిలబడి ఉండేవాడివి. నా చదువు వార్త విన్నప్పుడల్లా నీకు పోయింది గుర్తొస్తుంది. అది ఇన్నాళ్లూ నాకు తోచకపోవడం నా తప్పు. నాకోసం నువ్వు కూల్చుకున్న గోడ మీద నేను మేడ కట్టుకోలేను.

పెద్దదోర్నాల మిషను బడిలో టీచరమ్మ చోటు ఖాళీగా ఉందట. ఎస్సెల్సీ పాసైతే చాలు, ట్రయినింగు తర్వాత ఇప్పిస్తారట. జనవరి ఒకటికల్లా చేరాలి. క్రిస్మసుకు వచ్చేటప్పుడు ట్రంకుపెట్టె తెచ్చేస్తాను. దొరసానమ్మకు నేను రాసుకుంటాను. ఈ సైన్సు నాకు ఎట్లాగూ అచ్చిరాలేదు.

నోటుబుక్కు పొయ్యిలో వెయ్యలేదు. నా దగ్గరే ఉంది.

జ్ఞానమ్మ

*

మార్కాపురం,
24 అక్టోబరు 1938

అమ్మా జ్ఞానమ్మా,

దొరసానమ్మకు ఉత్తరం రాయొద్దు. రాసి ఉంటే ఇంకో ఉత్తరం రాసి ఆపు. ముందు ఇది మొత్తం చదువు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. పదకొండేళ్లుగా నేను పల్లకీలో ఊరేగుతున్నాను. పాలెంలో ఏ పిల్లాడు బడి ఎగ్గొట్టినా, “సత్యానందాన్ని చూసి బుద్ధి తెచ్చుకో, అన్న బిడ్డ కోసం కాలేజీనే వదిలినాడు” అంటారు. నేను తేలు కుట్టిన దొంగలా వింటూ ఉంటాను. నీకు ఆ మాటే అన్నంలో కలిపి పెట్టారు. ఇప్పుడు అదే మాట నీ చదువుకు అడ్డం పడుతోంది కాబట్టి చెప్పేస్తున్నాను. నేను మీకోసం చదువు మానలేదు.

నేను చదివింది నీ కాలేజీ కాదు, దానికి ఇంకా తూర్పున. అప్పటి లెక్చరరు ఒకరోజు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి సోడియం చేయమన్నాడు. చేశాను. నాకు హుషారు పుట్టి, ఆయన చెప్పకుండానే క్లోరిన్ కూడా మొదలుపెట్టాను. వరుసలో పదిహేడోది, బరువు ముప్పైఅయిదూ పాయింటు నలభైఆరు. తీసేస్తే పద్దెనిమిదీ పాయింటు నలభైఆరు వచ్చింది. పద్దెనిమిదిన్నరకు కొంచెం తక్కువ. మన ఊరి అలవాటు, షెడ్డులో అర మిగిలితే అడక్కుండా ఉండం. “అయ్యా, సగం ఎలక్ట్రాను ఎట్ల ఉంటాది?” అని నోరు జారాను. మన యాస కూడా అట్లాగే జారింది. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “పలకలు చెక్కేవాళ్లకు పలకలు చాలవా, ఈ లెక్కలెందుకు?” అన్నాడు. ఆ రోజు గదికి వచ్చి కొట్టేసిన పేజీ నువ్వు చూసింది. నువ్వు ‘క్లాసంతా నవ్వింది’ అని రాసింది చదవగానే ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. తొమ్మిది వాక్యాల ఉత్తరం అందుకే.

ఆ నవ్వు ఒక్కటే కారణమని చెబితే అదీ అబద్ధమే. ఆ ఏడు మూడు పరీక్షల్లో తప్పాను. 1927 జనవరిలో ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని బండెక్కాను. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగడానికి మొహం చెల్లలేదు. పాలెం అంతా చందా వేసి పంపిన మనిషిని. బండి కదిలిపోయేదాకా బల్ల మీద తలవంచుకు కూర్చుని గిద్దలూరులో దిగాను. అక్కడ కలప డిపోలో దుంగలు లెక్కపెట్టే పని దొరికింది. రంపాల పక్కనే ఒక రేకుల గదిలో ఉండేవాణ్ణి.

మూడు వారాలు గడిచాయి. పలక చట్రాలకు కలప కొనడానికి మార్కాపురం నుంచి ఒక బండివాడు వచ్చాడు. నన్ను ఎరగడు. చుట్ట ముట్టించుకుంటూ మేస్త్రీతో, “గనిలో గోడ ఇరిగి ఏలీయా అనే మడిసి పోయినాడంట. మొన్ననే మట్టి చేసినారు. తమ్ముడు యాడో సదువుకుంటుంటే తంతి ఇచ్చినా రాకపాయె” అన్నాడు.

ఆ టెలిగ్రాం తంతి కాలేజీకి వెళ్లింది. నేను అక్కడ లేను. ఉన్నది నలభై మైళ్ల దూరంలో. తెలిస్తే అన్న మొహం చూసేవాణ్ణి.

ఆ సాయంత్రం బండికే వచ్చాను. తంతి ఆలస్యంగా అందింది, దారిలో వాన, బండి ఆగిపోయింది అని నోటికొచ్చింది చెప్పాను. ఎవరూ అడ్డుప్రశ్న వేయలేదు. నువ్వు వచ్చి నా కాళ్లు చుట్టుకున్నావు. వారం తిరక్కుండానే నేను చదువు త్యాగం చేశానన్న మాట పుట్టింది. నేను పుట్టించలేదు, కాదనీ అనలేదు.

కాబట్టి నువ్వు నా చదువును తొక్కి నిలబడి లేవు తల్లీ. అది నీ బాధ్యత నా మీద పడకముందే పోయింది. నీకు వచ్చింది ఒక్క సున్నా. నాకు వచ్చినవి మూడు. నేను పారిపోయి ఏం పోగొట్టుకున్నానో చెప్పాను, నువ్వు పారిపోవద్దు. దోర్నాల బడి ఎక్కడికీ పోదు.

ఇది చదివాక నా మీద నీకు మునుపటి అభిమానం ఉండకపోవచ్చు. ఉండకపోయినా చదువుకో. వదినకు ఈ సంగతి తెలియదు. చెప్పాలో వద్దో నీ ఇష్టం.

సత్యానందం

*

గుంటూరు హాస్టలు,
27 నవంబరు 1938

చిన్నాయనకు,

నెల దాటింది. నువ్వు రోజూ పోస్టుమాను దారి చూసి ఉంటావు. చూడాలనే రాయలేదు. కోపం వచ్చింది.

చదువు గురించి కాదు. నాయనను మట్టి చేసిన ఆ రోజు నాకు గుర్తుంది. ఆరేళ్లదాన్ని. అందరూ పిడికెడు మట్టి వేశారు, నా చేత కూడా వేయించారు. పాస్టరుగారు పూడ్చనివ్వలేదు. “తమ్ముడి పిడికెడు ఉండాల, కాసేపు చూద్దాం” అని పొద్దు వాలేదాకా ఆపారు. నేను గేటు దగ్గర నిలబడి రోడ్డు చూశాను. అమ్మ గుంత పక్కనే కూర్చుంది. నువ్వు దూరాభారం వల్ల రాలేకపోయావని ఇన్నేళ్లూ నిన్ను చూసి జాలిపడ్డాను. గిద్దలూరులో ఉన్నావని తెలిశాక మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు నోటుబుక్కు తీసి చిరిగిన పేజీ చూశాను. కాగితం చిరగగొట్టిన చెయ్యి నా కంటే రెండు మూడేళ్లు పెద్ద పిల్లాడిది. నేనయితే ఏం చేసేదాన్ని? ఒక్క సున్నాకే దోర్నాల పోతానన్నాను కదా. అక్కడ నా కోపం సగం పోయింది. మిగతా సగం క్రిస్మసుకు వచ్చాక ఎదురుగా అరుస్తాను, సిద్ధంగా ఉండు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేజీ తీసుకుని ప్రభాకరరావుగారి దగ్గరికి వెళ్లాను. సోడియం దగ్గర ఆయన వేలు పెట్టి చూసి, “లెక్క తప్పు కాదే. అప్పటికి వీళ్లకు తెలిసినంత రాశారు. మిగిలిన పన్నెండు పన్నెండే, దాని పేరొక్కటే మారింది” అన్నారు. తర్వాత క్లోరిన్ పేజీ వెలుతురుకు పట్టి చదివారు. పద్దెనిమిదీ పాయింటు నలభైఆరు, పక్కన నీ ప్రశ్నగుర్తు. చాలాసేపు చూశారు.

“ఈ ప్రశ్న ఎవరడిగారు?” అన్నారు.

“మా చిన్నాయన.”

“ఎప్పుడు?”

“పన్నెండేళ్ల కిందట.”

“క్లాసులో ఇంతమంది ఉన్నారు, ఈ ఏడు నన్ను ఒక్కరూ అడగలేదు. అందరూ పాయింటు తర్వాతది చెరిపేసి పద్దెనిమిది అని రాసి పోతారు. ఆయన ఇప్పుడు ఏం చేస్తున్నారు?”

పలకలు లెక్కపెడుతున్నారని చెప్పాను. ఆయన కుర్చీ చూపించి జవాబు చెప్పారు. విను.

క్లోరిన్ ఒక రకం కాదు చిన్నాయనా. రెండు రకాలు కలిసి ఉంటుంది. ఒకటి ముప్పైఅయిదు బరువు, ఒకటి ముప్పైఏడు. పల్చటివి ఇంచుమించు మూడుంటే మందంది ఒకటి. మూడు ముప్పైఅయిదులు నూటఅయిదు, ముప్పైఏడు కలిపితే నూటనలభైరెండు. నాలుగింటికి పంచితే ముప్పైఅయిదున్నర. పుస్తకంలో ఉన్న బరువు సరాసరి! నువ్వు తీసివేసింది సరాసరిలోంచి. ముప్పైఅయిదున్నర బరువుండే క్లోరిన్ అణువు ఈ భూమ్మీద లేదు. ఒక్కోదాంట్లోంచి విడివిడిగా తియ్యి. ముప్పైఅయిదులోంచి పదిహేడు పోతే పద్దెనిమిది న్యూట్రాన్లు. ముప్పైఏడులోంచి పదిహేడు పోతే ఇరవై. సగం ఎక్కడా లేదు.

ఆయన చెబుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏమిటని అడిగితే ముప్పైరెండున్నర తులాల పలక కథ చెప్పాను. మర్నాడు క్లాసులో ఆయన క్లోరిన్ గురించి చెప్పలేదు, మార్కాపురం పలకల కుప్ప గురించి చెప్పారు. ఈసారి కూడా క్లాసు నవ్వింది గాని అది వేరే నవ్వు. నా పలక బల్ల మీద పెట్టించి అందరికీ చూపించారు.

ఆ జవాబు నీ చేతుల్లోనే ఉంది. రోజూ తూస్తూనే ఉన్నావు. నీకు అది చెప్పగల మనిషి ఆ రోజు బోర్డు దగ్గర లేకపోయాడు, అంతే.

దొరసానమ్మకు ఉత్తరం రాయలేదు. రాయను. నిన్నటి పరీక్షలో పదికి తొమ్మిది. ఒకటి ఎందుకు పోయిందంటే అక్షరాలు గజిబిజిగా ఉన్నాయట.

అమ్మకు చెప్పడం నా పని కాదు. అది నీదే.

నీ కూతురు,
జ్ఞానమ్మ

*

మార్కాపురం,
6 డిసెంబరు 1938

అమ్మా జ్ఞానమ్మా, దీవెనలు.

నీ ఉత్తరం షెడ్డులో అందింది. కుప్పల మధ్య నిలబడే చదివాను. మూడు పల్చటి పలకలు, ఒక మందంది తీసి నేల మీద పరిచి చాలాసేపు చూశాను. చెన్నకేశవులుగారు వచ్చి, “ఏంది సత్యానందం, పలకలతో మాట్లాడుతుండావు?” అన్నారు. పలకలు ఏరి కుప్ప మీద పెట్టేశాను. పన్నెండేళ్ల నుంచి నాకు తెలివి లేదనే అనుకున్నాను తల్లీ. అది అబద్ధమని తెలియడానికి ఇంత ఏడుపు వస్తుందని అనుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి వదిన చేటలో సజ్జలు చెరుగుతోంది. “పిల్ల ఏం రాసింది?” అంది. ఎప్పటిలా కాకుండా, ఒక్క మాట కూడా మింగకుండా, గిద్దలూరుతో సహా మొత్తం చదివాను. మధ్యలో ఆపుతుందేమోనని చూశాను. చేట ఆగలేదు.

“ఆ సంగతి నాకు ఎప్పుడో ఎరుకే” అంది.

“ఎట్ల ఎరుక?”

“తూరుపు నుంచి వచ్చే బండి పొద్దున వస్తాది. నువ్వు దీపాలు పెట్టే యాళకు వచ్చినావు. ఆ పొద్దు వానా లేదు, గీనా లేదు. నీ చొక్కా ఉతికింది నేనే గదా, జేబు నిండా రంపప్పొట్టు. సదువుకునే కాడ రంపం ఏంది? పొద్దుటి బండి తీసేస్తే మిగిలేది గిద్దలూరు పక్క నుంచి వచ్చే సాయంత్రం బండేగా. ఆ మాత్రం లెక్క నాకు రాదా?”

పదకొండేళ్లు ఎందుకు అడగలేదని అడిగాను.

“అడిగితే సిగ్గుపడి మళ్లా యాడికన్నా పోతావని. ఆరేండ్ల పిల్లను పెట్టుకొని ఒక్కదాన్ని ఏం చేసేదాన్ని? మంచి పేరు వస్తే ఉంటావు అనుకున్నా. మాకోసం సదువు మానుకున్నాడని పాలెమంతా చెప్పింది నేనే సత్యానందం. నువ్వు మళ్లా సదువుకు పోయేవాడివేమో, నేనే కాళ్లకు అడ్డం పడ్నానేమోనని ప్రతి ఆదివారం గుళ్లో ఆ ఒక్కటే అడుక్కుంటా.”

అప్పుడు చేట ఆగింది. ఆమె ఏడవడం నేను చూసింది అది రెండోసారి. మళ్లీ పోయేవాణ్ణి కాదు వదినా అని చెప్పాను. నిజమే చెప్పాను.

కాసేపటికి లేచి చెంగుతో మొహం తుడుచుకుని, “లెయ్. నీ పిడికెడు బాకీ ఉంది, ఏసొద్దాం రా” అంది.

ఇంకా పొద్దుంది. ఇద్దరం నడిచి వెళ్లాం. ఏటా క్రిస్మసు ముందు మా అన్న సమాధికి సున్నం కొట్టేది నేనే, ఈసారి మాత్రం గేటు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వదిన ముందు నడిచింది. పిడికెడు మట్టి తీసుకుని మా అన్న మీద వేశాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను గాని, “అన్నా, గిద్దలూరులో ఉన్నా” అన్న ఒక్క మాటే వచ్చింది. పొద్దు వాలేదాకా వదిన పక్కనే నిలబడింది.

క్రిస్మసుకు రా. మిగతా సగం కోపం ఎదురుగా అరిచేద్దువుగాని. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా, క్లోరిన్ పేజీకి వెనక కాగితం అంటించాలి.

నీ చిన్నాయన,
సత్యానందం

వదిన చెప్పమంది: తిరిగి వెళ్లేటప్పుడు సజ్జరొట్టెలు రెండు మూటలు కడుతుందట. ఒకటి ముసలామెకు.